అప్పు మీది, తీర్చేది ఎవరి జేబులోంచి?

ప్రశ్న: నమస్తే అండి. నాకు 36 ఏళ్ళు. ఒక చిన్న కంపెనీలో తొమ్మిదేళ్ళుగా అకౌంట్స్, జీతాలు రెండూ నేనే చూస్తున్నాను. చేరిన నాలుగు నెలలకే మా నాన్నకి ఆపరేషన్ పడింది, చేతిలో రూపాయి లేదు. మా ఓనర్ (అన్నా అనే పిలుస్తాను) అడక్కుండానే 2 లక్షలు తెచ్చి చేతిలో పెట్టాడు, తర్వాత తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇప్పుడు ఆయన వ్యాపారం బాగా దెబ్బతింది. 11 నెలలుగా 22 మంది జీతాల్లోంచి పీఎఫ్ కట్ చేస్తున్నాం కానీ ఆఫీసుకి కట్టట్లేదు. వాళ్ళొచ్చి "మెసేజ్ రావట్లేదేంటి సార్" అంటే "సర్వర్ ప్రాబ్లం" అని చెప్తున్నాను. అలా చెప్పమన్నది అన్నే. మా ఆవిడ బయటికి వచ్చేయమంటోంది. మా మామయ్యేమో ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేస్తావా, కర్ణుణ్ణి చూసి నేర్చుకో అంటున్నాడు. నేను బయటపెడితే జీవితాంతం విభీషణుడు అంటారని ఫ్రెండ్ భయపెడుతున్నాడు. "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాజీనామా కూడా రాసిపెట్టుకున్నా, జత చేస్తున్నాను చూడండి. మీరు భారత రామాయణాలు చదువుతారు కదా, ఒక్క మాటలో చెప్పండి, కర్ణుడు కరెక్టా విభీషణుడు కరెక్టా?
(పేరు వద్దు)

జవాబు:

పేరు వద్దన్న తమ్ముడూ, ఒక్క మాటలో చెప్పమన్నారు, నా వల్ల కాదు, కాస్త ఓపిక పట్టండి.

ముందు మీ మామయ్యగారి కర్ణుడి సంగతి చూద్దాం. ఆయన చెప్పే కర్ణుడు నాకూ బాగా తెలుసు. మా అమ్మమ్మ భారతం చదివించుకుని వినేది, కర్ణుడి రథచక్రం భూమిలో దిగబడే దగ్గరికి వచ్చేసరికి "ఇంక ఆపరా" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది, మర్నాడు అక్కణ్ణుంచి కాకుండా తర్వాతి ఘట్టం నుంచి మొదలెట్టాలి. అలా పెరిగినవాణ్ణి నేను. నాటకాలు, సినిమాలు, హరికథలు అన్నీ కలిసి మనకో కర్ణుణ్ణి తయారుచేసి ఇచ్చాయి, ఆ కర్ణుడంటే స్నేహం కోసం ప్రాణమిచ్చేవాడు, అంతే, ఇంకేం లేదు. దుర్యోధనుడి భార్యతో పాచికలాడుతుంటే ముత్యాల హారం తెగడం, దుర్యోధనుడు వచ్చి "ఏరిపెట్టనా, గుచ్చిపెట్టనా" అనడం, ఆ కథ మీ మామయ్య ఖచ్చితంగా చెప్పే ఉంటాడు. చక్కటి కథే, కాకపోతే వ్యాసుడి భారతంలో లేదు, తర్వాత జనం చెప్పుకున్నది. దానికి నాకేం అభ్యంతరం లేదు, కానీ మీరు ఉద్యోగం, పరువు, 22 మంది డబ్బు అన్నీ కర్ణుడి మీద పెట్టి నిర్ణయం తీసుకోబోతున్నారు, అప్పుడు అసలు కర్ణుడు ఏం చేశాడో ఒకసారి చూసుకోవడం మంచిది కదా.

ఆయన అప్పు నిజమైన అప్పు. ఆ విషయంలో నేను మీ మామయ్య పక్షమే. కుమారాస్త్రవిద్యా ప్రదర్శన రోజు, నిండు జనం మధ్య, నీ కులమేంటి నీ తల్లిదండ్రులెవరు అని కృపాచార్యుడు అడిగితే కర్ణుడి మొహం వాడిపోయింది. అప్పుడు దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యానికి పట్టం కట్టాడు. దీనికి బదులు నేనేమివ్వగలను అని కర్ణుడు అడిగితే, నీ స్నేహం చాలు అన్నాడు. సరిగ్గా అప్పుడే, పెంచిన తండ్రి అధిరథుడు, ముసలాయన, చెమటలు కారుతూ, ఉత్తరీయం జారిపోతూ, కర్ర ఊతంగా వణుక్కుంటూ ఆ గుంపులోకి వచ్చాడు. కర్ణుడు విల్లు వదిలేసి, పట్టాభిషేకం నీళ్ళతో ఇంకా తడిగా ఉన్న తలని ఆయన పాదాలకి ఆనించాడు. రాజు అయిన ఐదు నిమిషాలకి ఒక సారథి కాళ్ళ మీద పడ్డాడన్నమాట, నిండు జనం చూస్తుండగా పడ్డాడు, అది చూసి భీముడు ఎగతాళి కూడా చేశాడు. ఆ మనిషిని ఇష్టపడకుండా ఉండటం కష్టం. ఆ రోజు దుర్యోధనుడు చేసినదీ చిన్న సాయం కాదు. అందులో ఆయన లెక్కలు ఆయనకున్నాయి, అర్జునుడికి పోటీ ఒకడు కావాలి, అది వేరే సంగతి. మీ అన్న తెచ్చిన 2 లక్షల్లో అలాంటి లెక్కేమీ ఉన్నట్టు లేదు, కాబట్టి మీ అప్పు ఇంకా బరువైనది. సాయం చేసినవాడు తర్వాత చెడ్డ పని చేశాడు కాబట్టి ఆ సాయం అబద్ధమైపోదు. మీ ఆవిడకి ఈ ముక్క చెప్పండి, ఆవిడ చెప్పేది కరెక్టే అయినా ఈ బరువు ఆవిడ మోయట్లేదు, మీరు మోస్తున్నారు.

ఇప్పుడు సభాపర్వానికి రండి.

జూదం అయిపోయింది, ధర్మరాజు తమ్ముళ్ళని ఓడాడు, తన్ను ఓడాడు, తర్వాత ద్రౌపదిని ఓడాడు. ద్రౌపది ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, ముందు తన్ను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిది అని. భీష్ముణ్ణి అడిగితే ఆయన, సొంతం అంటూ ఏమీ లేనివాడు పరుల సొత్తు ఒడ్డలేడు, నిజమే, కానీ భార్య భర్త అధీనంలో ఉంటుంది కదా, ధర్మం చాలా సూక్ష్మం, నీ ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పలేకపోతున్నాను అన్నాడు. అంత పెద్దాయన, అంత చదువుకున్నాయన, ఆ మాట అన్నాడు. (మన ఆఫీసుల్లో "ఇది లీగల్ వాళ్ళు చూడాలండి" అన్నట్టు లేదూ?) విదురుడు తర్వాత ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. మొదట లేచి తీర్పు చెప్పింది మాత్రం దుర్యోధనుడి తమ్ముళ్ళలో ఒకడు, వికర్ణుడు. ముందు అందరినీ అడిగాడు, జవాబు చెప్పండి చెప్పండి అని, పదే పదే అడిగాడు, ఒక్కరు నోరు తెరవలేదు. అప్పుడు చేతిలో చెయ్యి నలుపుకుంటూ, నిట్టూరుస్తూ, సరే మీరు చెప్పినా చెప్పకపోయినా నాకు న్యాయం అనిపించింది నేను చెప్తా అని, ద్రౌపది ఓడిపోలేదని తేల్చి చెప్పాడు. ఆ చెయ్యి నలుపుకోవడం ఉంది చూశారా, అన్నల ఎదుట మాట్లాడబోయే కుర్రాడి భయమంతా దాంట్లో ఉంది. వాడు చెప్పగానే సభలో పెద్ద గోల లేచింది, జనం వికర్ణుణ్ణి మెచ్చుకున్నారు, శకునిని తిట్టారు. అంటే ఆ నిమిషంలో గాలి మారింది, ఇంకొక్క పెద్దమనిషి లేచి అవును అని ఉంటే కథ అక్కడే ఆగిపోయేదేమో.

లేచినవాడు కర్ణుడు. చెయ్యి ఎత్తి వికర్ణుణ్ణి నోరు మూయించాడు, చిన్న పిల్లాడివి ముసలాడి మాటలు మాట్లాడుతున్నావన్నాడు, ద్రౌపదిని అనరాని మాట అన్నాడు, ఆ పాండవుల బట్టలు, ఆమె బట్టలు ఊడదీయమని దుశ్శాసనుడికి చెప్పింది ఆయనే. చాలామంది దుశ్శాసనుడు తనంతట తానే ఆ పని మొదలెట్టాడు అనుకుంటారు, కాదు, చెప్పింది కర్ణుడు.

నేను చాలా ఏళ్ళు ఈ ఘట్టం చదువుతూ కర్ణుడి కోపం గురించే ఆలోచించాను, అవమానాలు పడ్డ మనిషి కదా అలా పేలాడు అని సర్దుకున్నాను. తర్వాతెప్పుడో తట్టింది. కర్ణుడు దుర్యోధనుడికి అప్పు ఉన్నాడు, ఒప్పుకున్నాం. ద్రౌపది దుర్యోధనుడికి ఏమైనా బాకీ ఉందా? ఏమీ లేదు. కర్ణుడికైనా బాకీ ఉందా? లేదు. మరి ఆ రోజు ఆ అప్పుకి వడ్డీ ఎవరు కట్టారు? అంగరాజ్యం తీసుకున్నది ఒకరు, జుట్టు పట్టి ఈడ్చబడింది ఇంకొకరు. అప్పు ఈయనది, తీర్చింది ఆమె ఖాతాలోంచి.

మీ ఉత్తరం చదివినప్పుడు నేను ఆగిపోయింది ఇక్కడే. 2 లక్షలు తీసుకున్నది మీరు. ఆ విశ్వాసం మీరు చూపిస్తున్నది 22 మంది జీతాల్లోంచి. మీ నాన్న ఆపరేషన్‌కి వాళ్ళకి ఏం సంబంధం? రేపు వాళ్ళ ఇంట్లో ఎవరికో ఆపరేషన్ పడితే పీఎఫ్ నుంచి తీసుకుందామని చూస్తారు, మీరు ఒకప్పుడు నిలబడ్డట్టే ఖాళీ చేతులతో నిలబడతారు, వాళ్ళకి మాత్రం 2 లక్షలు తెచ్చే అన్న ఉండడు. కొంచెం గట్టిగా అన్నానేమో, ఏమనుకోకండి.

ఇప్పుడు ఉద్యోగపర్వం. రాయబారం చెడిపోయాక కృష్ణుడు తిరిగి వెళ్తూ కర్ణుణ్ణి తన రథం ఎక్కించుకుని ఊరి బయటికి తీసుకెళ్ళాడు. నువ్వు కుంతి కొడుకువి, పెద్దవాడివి, వచ్చేయ్, ధర్మరాజు నీకు వింజామర వీస్తాడు, రాజ్యం నీది అన్నాడు. కర్ణుడు చెప్పిన జవాబు, నన్నడిగితే భారతం మొత్తంలో అంత నిజాయితీగా ఇంకెవరూ మాట్లాడలేదు. కుంతి నన్ను పారేసింది, రాధ నన్ను చూడగానే ఆమెకి పాలు వచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తింది ఆమె, ఆ పిండం నేను ఎలా ఎగ్గొట్టను అన్నాడు. 13 ఏళ్ళు దుర్యోధనుడి అండన రాజ్యం అనుభవించాను, నన్ను నమ్ముకునే యుద్ధానికి దిగాడు, భూమంతా ఇచ్చినా బంగారం కుప్పలు పోసినా మాట తప్పను అన్నాడు. అక్కడితో ఆగలేదు. నేను కుంతి కొడుకునని ధర్మరాజుకి చెప్పకు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను తీసుకెళ్ళి దుర్యోధనుడికి ఇచ్చేస్తాను, రాజు కావాల్సింది ధర్మరాజే అన్నాడు. అంటే ఎటు న్యాయం ఉందో ఆయనకి స్పష్టంగా తెలుసు, తెలిసే ఇటు నిలబడ్డాడు. మీ మామయ్య ఇంతవరకు చెప్పే ఉంటాడు.

చెప్పని ముక్క దాని వెనకే ఉంది. కృష్ణా, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవుల్ని నేను అన్న ఆ కటువైన మాటలు ఉన్నాయే, ఆ పనికి ఇప్పుడు కుమిలిపోతున్నాను అన్నాడు. ఒక్క శ్లోకం, గబగబా చదివితే దాటిపోతుంది. దుర్యోధనుడి పక్కన ఉన్నందుకు ఆయన ఎక్కడా బాధపడలేదు, చనిపోయేదాకా బాధపడలేదు. ఆయన్ని తిన్నది ఏంటంటే వాడి ప్రీతి కోసం తన నోటితో అన్న మాటలు.

కాబట్టి మీరు అడిగిన ప్రశ్నని నేను కొంచెం పక్కకి జరుపుతున్నాను. ఉండాలా వెళ్ళాలా అనేది మీకు పెద్ద ప్రశ్నలా కనిపిస్తోంది, నాకు అది రెండోది. మొదటిది ఆ "సర్వర్ ప్రాబ్లం". అది మీ నోట్లోంచి వస్తున్న మాట, మీ అన్న నోట్లోంచి కాదు. మీరు అక్కడ ఇంకో పదేళ్ళు ఉన్నా సరే, రేపే మానేసినా సరే, ఆ మాట మాత్రం ఇవాళ్టితో ఆగాలి. మీ గుంజాటనకి కారణం ఉద్యోగం అనుకుంటున్నారు, కాదేమో చూసుకోండి.

ఇంకో సంగతి, మీలాంటి విశ్వాసం వల్ల మీ అన్నకైనా ఏమైనా మేలు జరుగుతోందా అని. కర్ణుడి వల్ల దుర్యోధనుడికి ఏం జరిగిందో చూడండి, సరదాగా ఉంటుంది, సరదా అనకూడదు గానీ. పాండవులు అడవిలో నారబట్టలు కట్టుకుని ఉన్నారు, మనం ఆవుల మందలు చూసే నెపంతో వెళ్ళి మన వైభవం చూపించి కడుపుమంట పుట్టిద్దాం అనే ఘోషయాత్ర ఐడియా ఎక్కించినవాళ్ళలో ముఖ్యుడు కర్ణుడు. అక్కడ గంధర్వులతో గొడవయింది, కర్ణుడు గట్టిగానే పోరాడాడు, కానీ రథం తుక్కు తుక్కయ్యేసరికి దూకి ఇంకొకరి రథమెక్కి తప్పుకున్నాడు, దుర్యోధనుణ్ణి గంధర్వులు కట్టి తీసుకుపోయారు, విడిపించింది ఎవరో కాదు పాండవులే. కర్ణుడు ఎక్కి పారిపోయిన ఆ రథం ఎవరిదో తెలుసా? వికర్ణుడిది. నిండు సభలో చిన్న పిల్లాడివి నోర్ముయ్ అని కూర్చోబెట్టాడే, ఆ కుర్రాడిది. వ్యాసుడు దాని మీద ఒక్క మాట కామెంట్ చెయ్యడు, పేరు చెప్పి వెళ్ళిపోతాడు.

యుద్ధంలోనూ అంతే, భీష్ముడు తనని అర్ధరథుడు, అంటే సగం యోధుడే, అన్నాడని అలిగి, ఆయన ఉన్నన్నాళ్ళు నేను రాను అని 18 రోజుల యుద్ధంలో మొదటి 10 రోజులు కర్ణుడు గుడారంలో కూర్చున్నాడు. ప్రాణమిస్తాడు సరే, పౌరుషం మాత్రం ఇవ్వడు. స్నేహితుడికి నచ్చే మాట చెప్పడమే విశ్వాసం అనుకున్నాడు పాపం. "ఎప్పుడూ తీపిగా మాట్లాడేవాళ్ళు సులువుగా దొరుకుతారు రాజా, చేదుగా ఉన్నా మేలు చేసే మాట చెప్పేవాడూ దొరకడు, వినేవాడూ దొరకడు" అనే శ్లోకం ఉంది, దాన్ని రామాయణంలో మారీచుడు రావణుడికి చెప్తాడు, విభీషణుడూ చెప్తాడు, భారతంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్తాడు. ముగ్గురూ చెప్పారు, వినాల్సిన ఇద్దరూ వినలేదు.

భీష్ముడి గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి, ఎందుకంటే మనలో ఎక్కువమంది కర్ణులూ కాదు విభీషణులూ కాదు, భీష్ములం. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు కవచం విప్పేసి, ఆయుధాలు పక్కన పెట్టి, కాలినడకన శత్రుసేన మధ్యలోకి వెళ్ళి తాతగారి కాళ్ళకి మొక్కుతాడు. భీష్ముడు అంటాడు, మనిషి డబ్బుకి దాసుడు, డబ్బు ఎవరికీ దాసి కాదు, కౌరవులు నన్ను డబ్బుతో కట్టిపడేశారు, అందుకే పౌరుషం లేనివాడిలా మాట్లాడుతున్నాను, నీ పక్షాన పోరాడమని తప్ప ఇంకేదైనా అడుగు అని. తర్వాత ద్రోణుడి దగ్గరికి వెళ్తే ఆయనా అదే శ్లోకం, కృపుడూ అదే, శల్యుడూ అదే. నలుగురు మహారథులు వరసగా ఒకే డైలాగ్ చెప్తే అది ఇంక ఒకరి బలహీనత కాదు, జీతం తీసుకునే ప్రతివాడి నోట్లో ఉండే మాట. హోమ్‌లోన్ ఈఎంఐ నడుస్తుంటే మనం చెప్పేదీ అదేగా. ఆ మాటలో నాకు నచ్చింది ఏంటంటే కనీసం ధర్మం అని పేరు పెట్టలేదు, కట్టేశారు అన్నారు. మీరు కూడా భయం వల్ల ఆగుతుంటే దానికి కర్ణుడి పేరు పెట్టకండి, భయం అనే చెప్పుకోండి, పర్లేదు, భయం ఉంటే దానికి చేసే ఏర్పాట్లు వేరే ఉంటాయి.

శల్యుడి దారి మాత్రం వద్దు. ఆయన మాద్రి అన్న, పాండవుల వైపు వస్తుంటే దారిలో దుర్యోధనుడు చాటుగా మర్యాదలు చేసి మాట తీసుకున్నాడు. పోనీ వెళ్ళినవాడు నిజాయితీగా ఉన్నాడా అంటే, కర్ణుడికి సారథివైతే వాడి ధైర్యం చెడగొట్టు అని ధర్మరాజు అడిగితే సరే అన్నాడు. చేయకూడని పనే అయినా చెయ్యాలి అని ఒప్పుకుంటూనే ధర్మరాజు అడగడం ఇంకో విచిత్రం. ఇటు రథం తోలుతూ అటు పని చేయడం, చివరికి రెండు వైపులా ఎవరూ పూర్తిగా నమ్మరు. మీరు అన్నతో కలిసి భోజనం చేస్తూ రాత్రి పేరు లేకుండా కంప్లైంట్ పెడితే ఇలాగే ఉంటుంది. ఆ 22 మందిలో ఒకరు పేరు లేకుండా కంప్లైంట్ పెడితే నేను శభాష్ అంటాను, వాళ్ళకి ఇంకో దారి లేదు, ఎదురుగా అడిగితే ఉద్యోగం పోతుంది. మీకు దారి ఉంది. మీరు ఆయన గదిలోకి వెళ్ళి తలుపేసి మాట్లాడగలరు. అంత చనువు ఉన్నవాళ్ళకి చాటుమాటు పని మర్యాద కాదని నా అభిప్రాయం, కాదనేవాళ్ళు ఉంటారు.

ఇక విభీషణుడు. మీ ఫ్రెండ్ చెప్పింది నిజం, ఆ పేరు ఇవాళ్టికీ తిట్టే. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని మనం అనేటప్పుడు రావణుడు చేసింది గుర్తుకురాదు, విభీషణుడు చెప్పిందే గుర్తుకొస్తుంది. లంకలో తను హోమం చేసే నికుంభిల దగ్గర ఇంద్రజిత్తు పినతండ్రి విభీషణుణ్ణి పట్టుకుని, పరాయివాడు ఎంత గుణవంతుడైనా, సొంతవాడు గుణం లేనివాడైనా, సొంతవాడే మేలు, పరాయివాడు ఎప్పటికీ పరాయివాడే అని మొహం మీద అన్నాడు. ఆ మాటకి సూటిగా జవాబు చెప్పడం అంత తేలిక కాదు. రాముడి శిబిరంలో కూడా హారతులేం పట్టలేదు, ఇలాంటి కష్టంలో అన్నని వదిలొచ్చినవాడు రేపు ఎవర్ని వదలడు అని సుగ్రీవుడు అనేశాడు. తీసుకుందాం అన్న హనుమంతుడు కూడా ఏమన్నాడు? వాలి పోయాడు సుగ్రీవుడికి పట్టం దక్కింది అని విని, రాజ్యం మీద ఆశతో ఆలోచించుకునే వచ్చాడు అన్నాడు. విభీషణుడికి సముద్రపు ఒడ్డునే, ఇంకా వారధి కట్టకముందే, లంకా రాజ్యానికి అభిషేకం అయిపోయింది కూడా. కాబట్టి విభీషణుడిలా వెళ్తే చేతులు కడుక్కున్నట్టు శుభ్రంగా ఉంటాయని మీ ఆవిడ అనుకుంటే ఉండవు. బయటికి వచ్చాక మీకు మంచి ఉద్యోగం దొరికిందనుకోండి, దాని కోసమే చేశాడు అంటారు. అననివ్వండి.

కానీ ఆయన వెళ్ళిన పద్ధతి చూడండి. ఒక్కరోజులో జరగలేదు. హనుమంతుణ్ణి చంపమన్నప్పుడే దూతని చంపకూడదు అని సభలో లేచి చెప్పాడు. సీతని ఇచ్చెయ్యి అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు, ఇంటికెళ్ళి చెప్పాడు, సభలో చెప్పాడు. ఏనుగులు అగ్నికీ ఆయుధాలకీ కాదు, సొంత జాతివాళ్ళకే భయపడతాయి, జ్ఞాతులే అసలు శత్రువులు అని రావణుడు తిట్టాక, నలుగురితో కలిసి, అన్నకి చెప్పాల్సింది మొహం మీద చెప్పి అందరి ఎదుటే బయల్దేరాడు. అవతల ఒడ్డుకి చేరి ఆకాశంలోనే నిలబడి, నేను రావణుడి తమ్ముణ్ణి, సీతని ఎత్తుకొచ్చినవాడి తమ్ముణ్ణి అని పేరు చెప్పుకున్నాడు. ఇంద్రజిత్తు దగ్గరికొచ్చేసరికి, వీణ్ణి చంపాలని ఉంది కానీ కళ్ళకి నీళ్ళు అడ్డొస్తున్నాయి, ఆ పని లక్ష్మణుడే చేస్తాడు అని వానరులతో అన్నాడు. కొంతమంది దీన్ని తప్పించుకోవడం అంటారు. నాకలా అనిపించదు. రావణుడు పడిపోయాక బాగా ఏడ్చాడు, మళ్ళీ దహనం చెయ్యమంటే ఇలాంటివాడికి నేను చెయ్యను అన్నాడు, చావుతో పగలు అయిపోయాయి చెయ్యి అని రాముడు చెప్పాల్సి వచ్చింది. మనిషి లోపల ఎంత గందరగోళం ఉంటే ఏడుపూ ఆ మొండితనమూ ఒకే రోజు వస్తాయి? మీకూ అలాగే ఉంటుంది, ముందే చెప్తున్నా, అన్న మీద జాలి, కోపం, సిగ్గు అన్నీ కలిసి వస్తాయి.

కుంభకర్ణుడు ఉన్నాడు, తప్పు నీదే అని తిట్టి మరీ యుద్ధానికి వెళ్ళి చనిపోయాడు. ఆయనంటే నాకు గౌరవం ఉంది, కానీ ఆయన ఇచ్చింది సొంత ప్రాణం, మీరు ఇస్తున్నది వేరేవాళ్ళ డబ్బు, పోలిక కుదరదు.

సరే, పనిలోకి వద్దాం. ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల 15లోపు కట్టాలని మీకు నేను చెప్పక్కర్లేదు, ఉద్యోగి జీతంలోంచి కోసిన డబ్బు వాడుకోవడం నేరం కిందకి వస్తుందనీ తెలుసు. జీతాల లెక్కల మీద మీ చెయ్యి ఉంది కాబట్టి ముందు, అన్నతో మాట్లాడటానికి కూడా ముందు, ఒక లాయర్‌ని కలిసి మీ మీద ఎంతవరకు వస్తుందో కనుక్కోండి. ఇది ద్రోహం కాదు. తర్వాత వచ్చే 15కి ముందే అన్న దగ్గర ఒంటరిగా కూర్చోండి. జనం ముందు వద్దు, ఫోన్లో వద్దు. "అన్నా, ఇక మీదట వాళ్ళడిగితే కట్టలేదనే చెప్తా" అనండి, అంతకంటే లెక్చర్ వద్దు. ఈ నెల నుంచి ఆపకుండా కట్టమనండి, పాత 11 నెలలది ఎప్పటికి ఎంత కడతారో కాగితం మీద పెట్టమనండి. మీ దగ్గర ఉంటే, ఇంట్లో ఆవిడతో మాట్లాడుకున్నాకే సుమా, ఆ 2 లక్షలు తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టండి, ఇది వాళ్ళ పీఎఫ్‌లో మొదటి వాయిదా అనుకో అన్నా అని. లేకపోతే రెండు మూడు నెలలు సగం జీతానికి చేస్తా అనండి. కర్ణుడు చెయ్యని పని ఇదే, తన అప్పు తన జేబులోంచి తీర్చడం. ఆయన ఒప్పుకుంటే అక్కడే ఉండండి, నేను వద్దనను, కష్టంలో ఉన్న మనిషి పక్కన అబద్ధం ఆడకుండా నిలబడటం కన్నా మీరు ఆయనకి ఇవ్వగలిగింది ఏముంది. అరిస్తే అరవనివ్వండి. రెండోసారి చెప్పండి, విభీషణుడు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క చూశారుగా. అప్పటికీ సర్వర్ ప్రాబ్లం అనే చెప్పమంటే, ఇక మీరు వచ్చేయడమే.

వచ్చేసేటట్టయితే ఆ రాజినామా గురించి ఒక మాట. జత చేసిన డ్రాఫ్ట్ చూశాను, "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాశారు, చివర్లో "సంస్థ నాకు అందించిన సహకారానికి ధన్యవాదాలు" అని. ఆ ధన్యవాదాలు అలాగే ఉంచండి, అది నిజమే. ధర్మరాజు రెండు సేనల మధ్య నిలబడి మా వైపు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని గట్టిగా అడిగినప్పుడు ధృతరాష్ట్రుడి కొడుకు యుయుత్సుడు ఒక్కడే కదిలాడు, ఎలా కదిలాడంటే దుందుభి మోగించుకుంటూ అందరికీ వినబడేలా వెళ్ళాడు. మీరు దుందుభి మోగించక్కర్లేదు గానీ, ఆ మొదటి లైన్ మాత్రం తీసేసి, ఏ నెల నుంచి ఏ నెల దాకా కట్టలేదో, ఏ తారీకున అన్నకి చెప్పారో రెండు వాక్యాల్లో రాయండి. రాసి నాకు మళ్ళీ పంపండి, చూస్తాను.